సరుకు నేడు, రొక్కం ఎప్పుడు?

‘ఈరోజు నగదు, రేపు అరువు’ అని రాసిన అట్టముక్క కిరాణా కొట్లో వేలాడుతుంటే ఎవరూ కోప్పడరు. రేపు వెళ్లినా ఆ అట్ట అక్కడే ఉంటుందని అందరికీ తెలుసు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోని గద్వాలలో బయలుదేరి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా యాసంగి పల్లికాయ మార్కెట్లకు వచ్చే రోజుల్లో ప్రయాణిస్తే, ఆ అట్ట మీది మాట తలకిందులై కనిపిస్తుంది. కుప్ప ఈరోజే ఖరీదుదారుడి సొంతమవుతుంది. పైకం మాత్రం రేపో, ఎల్లుండో, వారానికో అవుతుంది. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో పుచ్చుకునే వ్యాపారాన్ని వాణిజ్య పరిభాషలో ‘స్పాట్’ అంటారు. మార్కెట్ యార్డులో జరిగేది అదేనని ధరల పట్టికలు రాసేవాళ్లూ, విధానాలు రూపొందించేవాళ్లూ అనుకుంటారు. ఈ మూడు జిల్లాల దారి చూస్తే అలా అనిపించదు. సొమ్ము ఎంత తొందరగా చేతికొచ్చిందన్నది రెండో సంగతి. ధర నచ్చకపోతే సరుకును ఇంటికి తిప్పుకుపోగలిగినవాడు చేసిందే అక్కడికక్కడి అమ్మకం. తిప్పుకుపోలేనివాడు యార్డుకొచ్చి చేసేది అమ్మకం కాదు, ఎప్పుడో చేసిన అమ్మకానికి సరుకు ముట్టజెప్పడం.

గద్వాలకు రొక్కం సంగతి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. నిజాం ఏలుబడిలో ఉంటూనే గద్వాల, వనపర్తి సంస్థానాలు ఒకప్పుడు సొంత నాణేలు ముద్రించుకున్నాయి. నాణెం ఎవరిదైనా ధర తేల్చే పద్ధతి మాత్రం చాలాకాలం చాటుమాటుగానే నడిచింది. ఒక తువ్వాలు పరిచి, దాని కింద దలారీ, వ్యాపారి వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. సరుకు ఎవరిదో ఆ రైతు పక్కనే నిలబడి తువ్వాలు కదలడం చూసేవాడు. ఆ తువ్వాలు తీసేయడానికే నియంత్రిత మార్కెట్లు పుట్టాయి. బేరారులోని కారంజాలో 1886లో, హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తర్వు కింద తొలి పత్తి మార్కెట్ ఏర్పడింది. నిజాం రాజ్యంలో 1339 ఫసలీలో, అంటే 1930లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1966 చట్టం దాని స్థానంలోకి వచ్చి, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ అదే కొనసాగింది. ఈ చట్టాలన్నిటి వెనక ఆలోచన ఒకటే: అందరి ఎదుట వేలం, సరైన తూకం, వెంటనే చెల్లింపు. మొదటి రెండూ చాలావరకు దక్కాయి. గుప్పెడు కాయలు వలిచి, పప్పు నిండుదనం చూసి, ఖరీదుదారులు టెండరు వేస్తారు. ఎక్కువ రాసినవాడికి కుప్ప పోతుంది. దడ్వాయి కాంటా వేస్తాడు, హమాలీలు సంచులు కుడతారు, రైతు చేతికి తక్‌పట్టీ వస్తుంది. మూడోదే తేలలేదు. తక్‌పట్టీ అంటే డబ్బు కాదు, డబ్బు రావలసి ఉందని చెప్పే కాగితం.

‘వెంటనే’ అనే మాటను చట్టం కూడా కాస్త సాగదీసే రాసుకుంది. 2015లో రద్దయిన 1952 నాటి ఫార్వర్డ్ కాంట్రాక్టుల చట్టం ప్రకారం సరుకు, సొమ్ము రెండూ ఒప్పందం నాటి నుంచి 11 రోజుల్లోపు చేతులు మారితే అది తక్షణ వ్యాపారమే అయ్యేది. 12వ రోజుకు జరిగితే ముందస్తు బేరం అయ్యేది, దానికి వేరే కట్టుబాట్లు ఉండేవి. పండిన పంటను బండికెత్తి యార్డుకు చేర్చి, ఎరువుల కొట్టు బాకీ గుర్తుకు వచ్చి కూచున్న మనిషికి 11 రోజులు ‘తక్షణం’ ఎలా అవుతుందో ఆ చట్టం రాసినవారినే అడగాలి. ఆ సందులోంచే ఒక పెద్ద ప్రమాదం కూడా నడిచి వచ్చింది. 2008లో లావాదేవీలు మొదలుపెట్టిన నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్, పేరులోనే స్పాట్ పెట్టుకుని, ఒకే సరుకు మీద జత కాంట్రాక్టులు నడిపింది. మొదటిది రెండు రోజుల్లో తీరేది, రెండోది 25 రోజుల్లో తీరేది. ఈ రెండింటి ధరల తేడా నిజానికి వడ్డీ. మదుపుదారులు సరుకు కొంటున్నామనుకుంటూ అప్పు ఇచ్చారు, మిల్లర్లు సరుకు అమ్ముతున్నామంటూ అప్పు తెచ్చుకున్నారు. గోదాముల్లో ఉండాల్సిన సరుకు చాలావరకు కాగితం మీదే ఉంది. 2013 జూలై 31న వ్యాపారం ఆగిపోయేనాటికి దాదాపు 13,000 మంది మదుపుదారులకు సుమారు 5,600 కోట్ల రూపాయలు రావలసి ఉంది. గద్వాల యార్డుకు, ముంబై ఎక్స్ఛేంజికి పోలికేమిటని అడగవచ్చు. యార్డులో సరుకు కళ్లెదుటే కుప్పగా ఉంటుంది, అందుకు సందేహం లేదు. కానీ అమ్మకం పేరుతో అప్పు నడవడం రెండు చోట్లా ఒకటే. ముంబైలో కొనేవాడు అప్పిచ్చాడు. యార్డులో పైకం కోసం వారం ఆగే ప్రతి రైతూ, తనకు తెలియకుండానే, కొనేవాడికి అప్పిస్తున్నాడు.

ఆ అప్పుకు ధర లేదనుకుంటే పొరపాటు. తెలంగాణ మార్కెట్లలో చాలాచోట్ల ‘క్యాష్ కటింగ్’ అనే మాట వినిపిస్తుంది. సొమ్ము ఇప్పుడే కావాలంటే వందకు ఒకటో రెండో రూపాయలు తగ్గించి ఇవ్వడం అన్నమాట. ప్రభుత్వం దీన్ని తప్పంటుంది, అధికారులు అప్పుడప్పుడూ హెచ్చరిస్తారు, రైతు సంఘాలు నిరసిస్తాయి, ఆ మాట మాత్రం పోదు. లెక్క వేసి చూడండి. 15 రోజుల తర్వాత ఇవ్వాల్సిన సొమ్మును ఈరోజే ఇచ్చినందుకు వందకు రెండు రూపాయలు కోస్తే, పక్షానికి రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 పక్షాలు, మొత్తం 48 రూపాయలు. పంట రుణానికి బ్యాంకు వేసే వడ్డీ పక్కన ఈ అంకె పెడితే సిగ్గేస్తుంది. నిజమే, వ్యాపారికీ ఇబ్బంది ఉంది. మిల్లు నుంచి అతనికి డబ్బు ఆలస్యంగానే వస్తుంది, నగదు చేతిలో ఉంచుకోవడం తేలిక కాదు. ఈ చిక్కు కేంద్రానికీ తెలుసు. 2019లో కోటి రూపాయలు దాటిన నగదు విత్‌డ్రాలపై ముందస్తు పన్ను కోత పెట్టినప్పుడు, మార్కెట్ యార్డుల్లో రైతులకు చెల్లించే కమీషన్ ఏజెంట్లకు, వ్యాపారులకు వెంటనే మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఈ మూడు జిల్లాలు పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడింది 2016 అక్టోబర్ 11న. సరిగ్గా 28 రోజులకు, నవంబర్ 8 రాత్రి, పెద్ద నోట్లు చెల్లకుండా పోయాయి. రొక్కం లేని మార్కెట్ ఎలా ఉంటుందో పుట్టిన నెలలోనే చూసిన జిల్లాలివి.

అయితే కటింగు ఈ కథలో చిన్న దొంగ. పెద్ద సంగతి విత్తనాల దగ్గర మొదలవుతుంది. పల్లికాయ మిగతా పంటల్లాంటిది కాదు. ఎకరా వరినాటుకు పాతిక కిలోల విత్తనం చాలు, పల్లికి 60 నుంచి 80 కిలోల పప్పు కావాలి. విత్తే రోజున రైతు ఒక చిన్న పంటనే నేలలో పోస్తాడు. ఆ డబ్బు వానకాలం పంట ఇంకా చేతికి రాకముందే, సెప్టెంబర్-అక్టోబర్‌లలో కావాలి. బ్యాంకు రుణం అప్పటికి తిరగరాసి ఉంటే సరే. లేకపోతే, పట్టా లేని కౌలురైతు అయితే, మిగిలింది కమీషన్ ఏజెంటు, అంటే అడ్తిదారు. అతను విత్తనానికి, మందులకు, ఇంట్లో పెళ్లికి కూడా ఇస్తాడు. వడ్డీతోపాటు ఒక షరతు, చాలాసార్లు నోటిమాటగానే: పంట నా అడ్తికే రావాలి. ఫిబ్రవరిలో ఆ పంట యార్డుకు వచ్చినప్పుడు పదిమంది ఖరీదుదారులు టెండరు వేయవచ్చు, ధర న్యాయంగానే తేలవచ్చు. కానీ ఆ రైతు ‘వద్దు, రేపు చూద్దాం’ అనలేడు. అతని తక్‌పట్టీలో పాత బాకీ కోసుకుని మిగిలిందే రొక్కం. ఆ అమ్మకం అక్టోబర్‌లోనే అయిపోయింది. ఫిబ్రవరిలో జరిగింది ధర నిర్ణయం మాత్రమే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అడ్తిదారే లేకపోతే విత్తనమే పడదు కదా? బ్యాంకు అడిగే కాగితాలు అతను అడగడు, అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చు వచ్చినా తలుపు తీస్తాడు, వానలు పడని ఏడు బాకీ మరుసటి ఏటికి నెడతాడు. ఇవన్నీ నిజాలే. అతన్ని పీల్చి పిప్పిచేసే జలగగా చిత్రించడం మన కథకులకు అలవాటైపోయింది కానీ, అది సగం చూపు. అతను అప్పివ్వడంలో తప్పేమీ లేదు. తప్పల్లా అప్పు, అమ్మకం ఒకే దుకాణంలో ఉండటం. అప్పిచ్చినవాడే అమ్మించేవాడైతే వడ్డీ ఎంతో, ధరలో కోత ఎంతో విడదీసి చూడటం ఎవరివల్లా కాదు. వడ్డీ తక్కువ వేసి ధరలో రాబట్టుకోవచ్చు, ధర బాగా ఇచ్చి వడ్డీలో లాగవచ్చు. ఈ ముడి విడిపోనంతవరకు ఏ పద్ధతిలో వేలం వేసినా ఒకటే.

మరి ముందే ధర కుదుర్చుకుంటే మేలు కదా అంటారు ఇంకొందరు. దానికీ సాక్ష్యం గద్వాలలోనే ఉంది. దేశానికి హైబ్రిడ్ పత్తి విత్తనం పండించి ఇచ్చే ముఖ్యమైన ప్రాంతాల్లో నడిగడ్డ ఒకటి. ఇక్కడ వేలం లేదు. కంపెనీ, దాని కింద ఆర్గనైజరు, అతని కింద ఇంకో ఆర్గనైజరు, చివర రైతు. పెట్టుబడి ముందే వస్తుంది, ధర ముందే తెలుస్తుంది. కానీ విత్తనం అప్పజెప్పాక మొలక, జన్యుశుద్ధి పరీక్షలు తేలాలి. అందుకు నెలలు పడుతుంది. పరీక్షలో తప్పితే ఆ కష్టానికి ధర లేదు. పరీక్ష ఎక్కడ జరిగిందో, తప్పింది తన సంచేనో కాదో రైతుకు తెలియదు. యార్డులోనైతే కాయ నాణ్యత మీద రైతు ఎదుటే వాదన జరుగుతుంది, గుప్పెట్లోని పప్పు అందరికీ కనిపిస్తుంది. ముందస్తు ఒప్పందం ధర భయం తీసేసి, దాని బదులు నాణ్యత భయాన్ని, ఎదురుచూపును తెచ్చిపెట్టింది. అందుకే రొక్కపు మార్కెట్లో ఎన్ని లోపాలున్నా దాన్ని వదులుకోవాలనడం నాకు సమ్మతం కాదు.

ఎర్రవల్లి చౌరస్తాలో జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగితే బీచుపల్లి వంతెన. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి, కింద కృష్ణ. అవతలి గట్టు నుంచి వనపర్తి జిల్లా. కొంచెం దూరం పోతే పెబ్బేరు. శనివారం అక్కడ జరిగే పశువుల సంత, గొర్రెల సంత ఈ ప్రాంతంలో పేరున్నవి. కంప్యూటర్లు, టెండర్లు, తక్‌పట్టీలు ఏవీ లేని ఈ సంతే, మొదట చెప్పుకున్న ‘తిప్పుకుపోగలడా’ అనే పరీక్షలో, మొత్తం దారిలో అన్నిటికన్నా అసలైన స్పాట్ మార్కెట్. ఎద్దు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, సుడులు లెక్కపెడతారు. బేరం తెగితే పగ్గం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది, నోట్లు ఎదురు వస్తాయి. తెగకపోతే ఎద్దు తన కాళ్ల మీద తానే ఇంటికి నడిచిపోతుంది. వచ్చే శనివారం మళ్లీ వస్తుంది. పల్లికాయ సంచికి ఆ కాళ్లు లేవు. దాన్ని వెనక్కి తీసుకుపోవాలంటే మళ్లీ బండి కిరాయి, మళ్లీ హమాలీ కూలి, మళ్లీ వచ్చినప్పుడు ఇవన్నీ ఇంకోసారి. సంతలో అమ్మేవాడి ధైర్యమంతా ఎద్దు తిరిగి నడిచిపోగలదన్న నమ్మకంలోనే ఉంది.

ఇక్కడ నా వాదనకే ఎదురుదెబ్బ తగిలే చోటు ఉంది. కరువు ఏట పెబ్బేరు సంత ఎలా ఉంటుంది? మేత లేదు, బావిలో నీళ్లు లేవు. ఎద్దును ఇంటికి తీసుకుపోవడం అంటే ఇంకో వారం దాని ఆకలి భరించడం. అలాంటి ఏట పశువులు వచ్చిన ధరకే పోతాయి, కొనేవాళ్లు దూరం నుంచి లారీలేసుకుని వస్తారు. పగ్గం, రొక్కం చేతులు మారడం అప్పుడూ అంతే చకచకా జరుగుతుంది. కాబట్టి సంతలో మహిమ ఏమీ లేదు. అమ్మేవాడికి ఆగే శక్తి ఉన్నంతవరకే అది మంచి మార్కెట్. ఆ శక్తి పోతే సరుకు పోయాక మనుషులు తమ పనినే ముందుగా అమ్ముకోవాల్సి వస్తుంది. ఈ నేలకు ఆ సంగతి బాగా తెలుసు. పాలమూరు కూలీ అని దేశమంతా పిలిచిన మనిషి ఎవరు? గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, నెలలపాటు చేయబోయే పనిని ముందే అమ్ముకుని, ఆనకట్టలు కట్టడానికి పోయినవాడు. ఊళ్లో రొక్కానికి అమ్మడానికి ఏమీ లేనప్పుడు చెమటను ముందస్తు బేరం పెట్టాడు.

వనపర్తి యార్డు గురించి మాట్లాడితే ‘అదంతా పాత కథ, ఇప్పుడు ఈ-నామ్ ఉంది కదా’ అనే మాట వస్తుంది. 2016 ఏప్రిల్ 14న ఎనిమిది రాష్ట్రాల్లో 21 మార్కెట్లతో మొదలైన ఆ జాతీయ మార్కెట్, 2020 మే నాటికి 1,000 మార్కెట్లకు చేరింది. గేటు దగ్గర లాటుకు నంబరు, తెర మీద రహస్య టెండరు, రైతు ఫోనుకు సందేశం. తువ్వాలు కింద వేళ్ల కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పేమీ కాదు. వచ్చిన ధర నచ్చకపోతే తిరస్కరించే హక్కు కూడా రైతుకు ఇందులో ఉంది. కానీ ఆ మీట నొక్కడానికి ధైర్యం ఏ సాఫ్ట్‌వేరు ఇస్తుంది? తిరస్కరించాక రాత్రికి కుప్ప ఎక్కడ పెట్టాలి? వాన మబ్బు పడితే ఎవరు కప్పుతారు? పైగా తెర మీద దేశమంతా కనిపించినా, టెండరు వేసేవాళ్లు ఎక్కువగా ఆ ఊరి ఖరీదుదారులే. ఇండోర్ వ్యాపారి కంటితో చూడని, గుప్పెట వలవని కాయను నమ్మి కొనడానికి యార్డులో నమ్మకమైన పరీక్షశాల ఉండాలి. ధర పడిపోయిందని ఈ యార్డుల్లో రైతులు కాంటాలు ఆపి ఆందోళనకు దిగిన వార్తలు పల్లికాయ సీజన్‌లో తరచూ వస్తూనే ఉంటాయి. అలా కాంటాలు ఆపడం, ఒక్కొక్కరుగా నొక్కలేని తిరస్కరణ మీటను అందరూ కలిసి నొక్కడమే.

మద్దతు ధర సంగతి? 2024-25కు పల్లికాయకు కేంద్రం ప్రకటించింది క్వింటాలుకు 6,783 రూపాయలు, 2025-26కు 7,263. అంకె గొప్పదే, కానీ దాని వెనక కొనేవాడు ఎప్పుడూ ఉండడు. వరికి ఉన్నాడు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో వరి బాగా పెరిగింది, ఊరూరా కొనుగోలు కేంద్రాలూ పెరిగాయి. అయినా కల్లం దగ్గరికే వచ్చిన ప్రైవేటు వ్యాపారికి మద్దతు ధరకన్నా తక్కువకు ధాన్యం పోసేవాళ్లు ఉన్నారు. బయటివాళ్లకు ఇది తెలివితక్కువగా తోస్తుంది. కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, వరుసలో కాపలా ఉండాలి, మిల్లు దగ్గర తరుగు పేరుతో ఎంత పోతుందో తెలియదు, ఖాతాలో డబ్బు పడేదాకా రోజులు లెక్కపెట్టాలి. తడిసిన గింజను తడిసినట్టే తూచి నోట్లు చేతిలో పెట్టేవాడు ఎదురుగా ఉన్నాడు. రైతు వదులుకున్న వంద, రెండువందలు ఎదురుచూపు నుంచి, అనుమానం నుంచి బయటపడటానికి కట్టిన రుసుము. సర్కారు తాను ప్రకటించిన ధరను తన ఆలస్యంతో తానే కోసుకుంటోంది.

బిజినేపల్లి దాటి పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి దారి పొడవునా కనిపించిన పేచీకి మందు ఏదో తేలుతుంది: గోదాము. యార్డు గోదాములో సరుకు పెట్టి, దాని విలువలో 75 శాతం దాకా అప్పు తీసుకుని, ధర వచ్చినప్పుడు అమ్ముకునే రైతుబంధు పథకం (ఎకరాల లెక్కన 2018లో వచ్చిన పథకం కాదు, అదే పేరున్న పాతది) మార్కెట్ కమిటీలకు ఏనాటి నుంచో ఉంది. గిడ్డంగి రసీదునే చేతులు మార్చుకునేలా 2007లో చట్టం కూడా వచ్చింది. నిల్వ అంటే జూదమేనని ఎవరైనా అంటే కాదనను. పల్లికాయ ఎండి తూకం తగ్గుతుంది, పురుగు పడుతుంది, రేపటి ధర ఈరోజుకన్నా పడిపోవచ్చు. అందుకే అందరూ దాచుకోవాలన్నది నా మాట కాదు. పదిమందిలో ఇద్దరు దాచుకోగలరని ఖరీదుదారులకు తెలిసినా చాలు, మిగతా ఎనిమిదిమంది కుప్పల మీద టెండరు కాస్త జాగ్రత్తగా పడుతుంది. చిక్కల్లా ఆ 75 శాతం ఎవరి చేతికి పోతుందన్నదే. అక్టోబర్ బాకీ అలాగే ఉంటే గోదాము అప్పు కూడా అడ్తిదారుకే చేరుతుంది. అప్పుడు రైతు నెత్తిన ఒక అప్పు బదులు రెండు. కాబట్టి తాళం ఫిబ్రవరిలో యార్డు దగ్గర తీస్తే చాలదు, విత్తనం పడే నెలలో కౌలురైతు చేతికి కూడా అప్పు అందేలా తీయాలి.

నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట దాటి ఘాట్ ఎక్కితే మన్ననూరు. నల్లమలలో చెంచులు ఏరుకొచ్చిన తబసి బంక, తేనె కొనే గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది, షావుకార్ల ఉద్దెర నుంచి అడవి బిడ్డలను తప్పించడానికి. ఆ సంస్థ డిపోలో తూకం, సొమ్ము ఒకేచోట. బంక చెడిపోయే సరుకూ కాదు, బరువైనదీ కాదు, గూడెంలో చూరుకు కట్టిన మూటలో నెలలు ఉంటుంది. ఆగే శక్తికి సరుకు ఏ అడ్డూ పెట్టదు. అయినా అది ఏరినవారమే డిపోకు చేరుతుంది, ఎందుకంటే అదే డిపోలో బియ్యం, నూనె, ఉప్పు కూడా ఉన్నాయి.